ముందు సీటు

"కండక్టరుగారూ! నా ప్యాంటు చూడండి. ఇలా ఇంటికెళ్తే, కుక్కతో కాపురం చేసొచ్చావా అంటుంది మా ఆవిడ!"

బస్సంతా గొల్లుమంది.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. నల్ల ప్యాంటు మీద తెల్ల బొచ్చు, దూది ఏకినట్టు. ముందు సీటులో ఒకావిడ. ఆమె చెప్పు మీద గడ్డం ఆనించి, తోడేలంత హస్కీ కుక్క.

కుక్క ఒంటికి పసుపు కోటు. వీపు మీద గట్టి పిడి ఉన్న తోలు పట్టీ. చూపు లేనివాళ్ళకు దారి చూపే కుక్కలకు వేసేది.

ఆ సీటు సంగతి కండక్టరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నడవలేనివాళ్ళకీ చూడలేనివాళ్ళకీ ఒక్క సీటు విడిగా ఉంచండని తనే డిపో గేటు ముందు బైఠాయించి, గొంతు చించుకుని, వీపు వాచేలా దెబ్బలు తిని సాధించిన సీటది. కాళ్ళూ కళ్ళూ సవ్యంగా ఉన్న మనిషి అందులో కూర్చుంటే అతనికి ఒళ్ళు మండిపోతుంది.

ఆమెకు నల్లద్దాలు లేవు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

చూస్తోంది!

"ఎక్కడికమ్మా?"

"జంతువుల ఆసుపత్రి దగ్గరికండీ."

చూపు లేనివాళ్ళకు టికెట్టు అరచేతిలో పెట్టి, వేళ్ళు మూయడం అతనికి అలవాటు. ఈసారి అలా చెయ్యలేదు. నోరు మెదపకుండా టికెట్టును ఓ పక్కకి, గాల్లో పట్టుకున్నాడు.

ఆమె తల తిప్పి, చూసి, అందుకుంది.

"దొరికావమ్మా! కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయే!"

"ఉన్నాయండీ. లేవని నేనన్లేదుగా."

"మరి ఈ కోటేంటి, ఈ పట్టీ ఏంటి? సోకా?"

"ఇది గైడు కుక్కేనండీ."

"ఎవరికి గైడు?"

"మా నాన్నకి."

"ఆయనేడీ? సీటు కింద దాచావా?"

మళ్ళీ నవ్వులు.

"పోయారండీ."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. అతనూ అక్కడే ఆగి ఉండాల్సింది. కానీ పదిమందిలో వెనక్కి తగ్గడం ఆ నోటికి చేతకాదు.

"పోయిన మనిషి పేరు చెప్పుకుని సీటు కొట్టేస్తావా? సిగ్గుండక్కర్లా?"

"ఇవాళే ఆపరేషనండీ దీనికి. ఆ డాక్టరుగారు ఎప్పుడో గాని రారు. టాక్సీల వాళ్ళు కుక్కంటే ఎక్కించుకోవట్లేదు. దీనికి..."

"బాగుందమ్మా!" వెనక నుంచి, మోకాళ్ళ నొప్పులతో ఊచ పట్టుకుని నిలబడ్డ ఓ పెద్దాయన అందుకున్నాడు. "కుక్కగారికి సీటు, మాకు ఊచలా?"

"నేను లేస్తాను తాతగారూ, మీరు కూర్చోండి. దీన్నొక్కదాన్నీ ఉండనివ్వండి కండక్టరుగారూ, దీనికి నిజంగానే..."

"గైడు కుక్కయితేనే బస్సులో చోటు. పెంపుడు కుక్కలకి లేదు. దిగు!"

విజిలు ఊదాడు. బస్సు ఆగింది.

ఎవరో చప్పట్లు కొట్టారు. "అలా ఉండాలయ్యా కండక్టరంటే!"

కుక్క మెట్ల దగ్గర ఆగిపోయింది. ముందు కాలు గాల్లో ఆడించి, వెనక్కి తీసుకుంది.

"నాటకాలు దీనిక్కూడా నేర్పావా? కానీ, తొందరగా!"

ఆ అరుపుకి కుక్క చెవులు తలకి అతుక్కుపోయాయి. ఒళ్ళంతా వణికింది.

"అరవకండి!" ఆమె మొదటిసారి గట్టిగా అంది. "మీ గొంతులో పడి నా గొంతు దానికి వినపడట్లేదు."

ఆమె ముందు దిగింది. బురదలోనే మోకాళ్ళు ఆనించింది. కుక్క కాలు చేత్తో పట్టుకుని కింది మెట్టు మీద పెట్టింది. తర్వాత రెండోది.

"మెట్టు... ఇదిగో, ఇంకో మెట్టు... అంతేరా బంగారం, నేలొచ్చేసింది."

చప్పట్లు కొట్టిన చేతులు కనపడకుండా పోయాయి. మళ్ళీ ఊదబోయి కండక్టరు నోట్లో పెట్టుకున్న విజిలు అలాగే ఉండిపోయింది. దాన్ని లాగేసి, గబగబా దిగాడు.

"అమ్మా..." అన్నాడు. మెల్లగానే అన్నాడు.

ఆ గొంతు వినగానే కుక్క ఆమె కాళ్ళ వెనక నక్కింది.

క్షమించమని అడగాలంటే నోరు తెరవాలి. తెరిస్తే అది హడలిపోతుంది. ఎన్నో గేట్ల ముందు నినాదాలిచ్చి పెంచుకున్న గొంతు. జన్మలో మొదటిసారి దాని మీద అతనికి అసహ్యం వేసింది.

ఎక్కండని చేత్తో సైగ చేశాడు.

"ఇక ఎక్కదండీ," అంది ఆమె. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. "బెదిరిపోయింది పాపం. నడిచే పోతాం. డాక్టరుగారు ఉంటే సరే, వెళ్ళిపోతే మా ఖర్మ."

డ్రైవరు హారన్ మోగించాడు. "ఏమయ్యోయ్, వస్తావా, అక్కడే పక్కేస్తావా?"

లోపల, మోకాళ్ళ నొప్పుల పెద్దాయన ముందు సీటులో సర్దుకుని, "రైట్ రైట్, పోనీ!" అని తనే కేకేశాడు.

బస్సు కదిలింది. కండక్టరు ఎగిరి మెట్టెక్కాడు గాని, ఎవరి మొహమూ చూడలేక వెనక్కి తిరిగి రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"గుంట... ఇటు రా... ఇప్పుడు రాయి... ఆగు..." అంటూ ఆమె ఒక్కో అడుగూ చెబుతుంటే, ఏళ్ళ తరబడి తండ్రికి కళ్ళయి ఆ రోడ్లన్నీ దాటించిన కుక్క, తన రెండు కళ్ళకీ పొర కమ్మేశాక, కూతురి చెయ్యి నమ్ముకుని నడుస్తోంది.