గుడ్ల మీదున్న పిట్ట

గుట్ట మీద టేకు చెట్లు మాయమవుతున్నాయి. సోమవారంలోగా దొంగను పట్టకపోతే సస్పెన్షనేనని పైనుంచి ఫోనొచ్చినప్పటి నుంచీ రేంజర్ సుకుమార్‌కి అన్నం సహించడం లేదు.

టేకులపల్లి దాటాక వచ్చే ఆ గుట్టను ఆయన కన్నబిడ్డలా చూసుకున్నాడు మరి. చుట్టుపక్కల అడవులన్నీ పలచబడ్డాక సన్నాయిలా పాడే అరుదైన సన్నాయిపిట్టకు మిగిలిన చోటు అదొక్కటే. 2004లో ‘పిట్టను కాపాడిన అధికారి’ అని జిల్లా పేపర్లో ఫోటో పడింది. ఆ మర్నాడే ఆయనొక రూలు పెట్టాడు. పిట్ట పాట వినబడితే సిబ్బంది ఎవరైనా సరే వెనక్కి తిరగాలి. పిట్ట బెదిరితే ఆయన ఊరుకోడు. చెట్లకు నోరు లేదు కాబట్టి వాటి సంగతి ఎవరూ అడగలేదు.

ఆ రూలును అందరికంటే భక్తిగా పాటించింది జీపు డ్రైవర్ జస్టిన్. గుట్ట కింద జీపు ఆపి, “మీరు కూసోండ్రి సార్, నేను చూసొస్త” అని ముందు తానే పైకెక్కేవాడు. కాసేపటికి తీయగా పాట వినబడేది. జస్టిన్ మునివేళ్ల మీద దిగివచ్చి, “గుడ్ల మీదుంది సార్” అని గుసగుసగా చెప్పేవాడు. సుకుమార్ కళ్లు చెమ్మగిల్లేవి. ఏడాది పొడుగునా గుడ్లు పొదిగే పిట్టను చూసి ఆయన గర్వపడ్డాడే తప్ప అనుమానపడలేదు.

“పుల్లలేరుకునే నాగక్క మీద కేసు రాద్దామా?” అన్నాడు సుకుమార్ దిగులుగా.

“రాయుండ్రి సార్. ఆదివారం మా కొత్తింట్ల ప్రార్థనుంది. జర వచ్చిపోండ్రి, మనసు నిమ్మలమైతది” అన్నాడు జస్టిన్.

ఆదివారం సుకుమార్ వెళ్లాడు. దర్వాజాలు, మంచాలు, బీరువాలు నిగనిగలాడుతున్నాయి. మంచి కట్టె అని మెచ్చుకున్నాడు కూడా. ప్రార్థన అయిపోతుండగా లోపలి గదిలో జస్టిన్ కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు. బిడ్డను ఊరుకోబెట్టడానికి జస్టిన్ లోపలికి వెళ్లాడు. ఆ వెంటనే ఇంట్లో సన్నాయిపిట్ట పాడింది.

సుకుమార్ అలవాటు కొద్దీ లేచి చెయ్యెత్తాడు. “ఎవ్వరూ కదలొద్దు. పిట్ట.”

జస్టిన్ తల్లి ఇన్నమ్మ మురిపెంగా నవ్వింది.

“పిట్ట ఏడిది సారూ? గుట్ట మీద చెట్లు పడ్డప్పుడే అది పాయె. మీరు రంది పడతరని అప్పటిసంది మావోడే పాడుతుండు.”