పదిహేడో కాగితం

"సీలు వేసిన పెట్టె విప్పమంటావేంటమ్మా? పిల్లలాటనుకున్నావా?" అని కసిరాడు సర్వే డాక్టరు.

నర్సమ్మ పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "ఒక్క కిట్టు చాలు సార్. ఒక్క చుక్క రక్తం వేసి చూస్తే పావుగంటలో తేలిపోతుంది."

ఆరోగ్య కేంద్రం గుమ్మంలో ఇటుకబట్టీ కూలీ నిలబడి ఉన్నాడు. భుజం మీద నాలుగేళ్ళ కూతురు. బయట ఎండ మాడ్చేస్తున్నా ఆ పిల్ల మీద రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. అయినా దాని పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు గదిలోకి వినిపిస్తోంది. రోజు విడిచి రోజు చలి, ఆ వెంటనే సలసలా కాగే ఒళ్ళు. ఇది మూడోసారి. ఇరవై ఏళ్ళ సర్వీసున్న నర్సుకు అది ఏ జ్వరమో ఎవరైనా చెప్పాలా?

డాక్టరుకు మాత్రం చెప్పాలి. ఆయన కాగితాన్ని తప్ప కళ్ళను నమ్మడు. ఈ ఊళ్ళో మలేరియా లేదని తేల్చింది ఆయనే. ఆయన సంతకంతోనే దోమల మందు కొట్టడం ఆగిపోయింది. ఇవాళ కిట్లూ మాత్రలూ వెనక్కి పట్టుకుపోవడానికి జీపేసుకుని వచ్చిందీ ఆయనే.

"మామూలు జ్వరమేనయ్యా. బిళ్ళ వేసి పడుకోబెట్టు," అన్నాడు తండ్రితో.

"వేశానయ్యా. చెమట పట్టి తగ్గుద్ది. ఎల్లుండికి మళ్ళీ మొదలు."

"బట్టీ గుంటల నిండా నీళ్ళే సార్," అంది నర్సమ్మ. "ముంచిన చెంబు నిండా దోమ పిల్లలే."

"ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నా నాకు ఒక్కసారీ జ్వరం రాలేదని గొప్పలు చెప్పుకునేది నువ్వే కదమ్మా!"

"నేను సాయంత్రం బస్సుకి పట్నం వెళ్ళిపోతాను సార్. ఆ దోమ కుట్టేది రాత్రిపూటే, అప్పుడు ఇక్కడ పడుకునేది వీళ్ళు."

డాక్టరు నిట్టూర్చి సంచిలోంచి జాబితా తీశాడు. పాఠం చెప్పడమంటే ఆయనకు మహా సరదా. "చూడమ్మా. ఈ జ్వరం వచ్చిపోయినా దాని ఆనవాలు రక్తంలో ఉండిపోతుంది. యాంటీబాడీలు. పెద్దవాళ్ళలో కనిపిస్తే ఎప్పటిదో అనుకోవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లల్లో కనిపిస్తే మాత్రం దోమ ఈమధ్యే కుట్టినట్టు. అందుకే పిల్లల రక్తమే తెమ్మన్నాను. నలభై మంది పిల్లలు, నలభై కాగితాలు, ఒక్కోదాని మీద ఒక్కో ఎండిన చుక్క. తెచ్చింది ఎవరు? నువ్వేగా! తల్లులు తలుపులు తియ్యడం లేదని మిగతా నర్సులు నెలరోజులు ఏడిస్తే, నువ్వు రెండ్రోజుల్లో నలభై తెచ్చి నా చేతిలో పెట్టావు. ప్రశంసాపత్రం ఊరికే ఇచ్చామా?"

ఆ పత్రం అద్దాల ఫ్రేములో ఆమె వెనక గోడకే వేలాడుతోంది. ఆమె అటు తిరగలేదు.

"ముప్పై తొమ్మిది కాగితాల్లో ఆనవాలే లేదు," అన్నాడు డాక్టరు.

"మరి ఇంకోటి?"

"పదిహేడో నంబరు. అందులో మాత్రం లెక్క ఆకాశాన్నంటింది. ఏదో పొరపాటు పడి ఉంటుందని కొట్టేశాం."

పదిహేడో నంబరు ఎవరిదో తెలుసుకోవడానికి నర్సమ్మకు జాబితా అక్కర్లేదు. "అది... ఈ పాపదే సార్."

డాక్టరు మొదటిసారి ఆ పిల్ల వంక సరిగ్గా చూశాడు. చెడ్డవాడేం కాదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే, నిజమే అనుకుందాం. ఒకే గుంటలు, పక్కపక్క గుడిసెలు. నలభై మంది పిల్లల్లో ఏరికోరి ఒక్కదాన్నే కుట్టే దోమ ఎక్కడైనా ఉంటుందా? మిగతా ముప్పై తొమ్మిది మందిలో ఎందుకు లేదో ఒక్క కారణం చెప్పు. ఇక్కడే పెట్టె విప్పుతాను. ఊరిని మళ్ళీ మలేరియా జాబితాలో చేరుస్తాను."

మాటవరసకు అనలేదు. జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

నర్సమ్మ పిల్లను చూసింది. ఆ పిల్ల తండ్రి వంకా చూసింది. అతను ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఉద్యోగం, ఇంకా మిగిలిన ఆరేళ్ళ సర్వీసు, గోడ మీది ఆ పత్రం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని గుటకేసి మింగేసింది.

"తెలీదు సార్."

"తెలీదు కదా!" పెన్ను తిరిగి జేబులోకి వెళ్ళింది. డ్రైవరు పెట్టెలు మోసుకుపోయాడు. జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె చేతులు కోటు జేబుల్లో దోపుకుని, తలెత్తకుండానే అంది. "పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపో తమ్ముడూ. సాయంత్రం బస్సుంది."

సాయంత్రానికి ఇంకా నాలుగు గంటలున్నాయి. పళ్ళ చప్పుడు ఆగిపోయి, పిల్ల తల తండ్రి భుజం మీదికి వాలిపోయింది. అతను కదల్లేదు. జీపు మలుపు తిరిగేదాకా చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"దీన్ని మీరే కాపాడాలమ్మా. ఊరంతా తలుపులేసుకుంటే, మా పిల్ల చుక్క ఒక్కటే తీసుకుని, మిగతా కాగితాలన్నీ మా గుడిసెలో కూర్చుని మీ వేళ్ళే గుచ్చుకుని నింపారు కదా. చెప్పొద్దన్నారని, ఆయన అంతలా అడుగుతున్నా నేను నోరు విప్పలేదు చూశారా!"