దగ్గు పరీక్ష

ఖాళీ బిళ్లల షీటు గడ్డివాము సందులో దొరికింది. గుంటలన్నీ చిల్లులే. ఒక్క బిళ్లా మిగల్లేదు.

బాపయ్య దాన్ని తెచ్చి అరుగు మీద పడేశాడు. కొడుకు మీద అరిచే ఓపిక ఆయనకు పోయిన ఏడాదే అయిపోయింది.

"నేను కాదు నాన్నా," అన్నాడు త్రినాథ్.

దొరికినప్పుడల్లా వాడు అన్న మాట అదే. ఇప్పుడు కొత్తగా నమ్మడానికి ఏముంది?

కుర్రాడు చెడ్డవాడేం కాదు. యార్డులో మిరప టిక్కీ బస్తాలు ఎత్తి ఎత్తి నడుం పట్టేస్తే ఆరెంపీ డాక్టరు నొప్పి బిళ్లలు రాసిచ్చాడు. నొప్పి పోయింది. బిళ్లలు పోలేదు. అవి పడకపోతే ఒళ్లంతా విరగ్గొట్టినట్టు వణికిపోయేవాడు. పడితే కూర్చున్నచోటే నిద్ర. చివరికి ఎక్కడో హైవే పక్కన మాన్పించే సెంటరు ఉందంటే అందులో పడేశారు. వాడు దాచిన షీట్లన్నీ వెతికి పారేసే పని తల్లి పిచ్చమ్మ మీదేసుకుంది. వాడు నానా యాతనా పడి మానేసి, ఈ మధ్యే ఇంటికొచ్చాడు.

ఇంతలో ఈ షీటు.

మేనమామ చెంచురామయ్య బండేసుకుని వచ్చాడు. గుంటూరులో నర్సుగా చేస్తున్న త్రినాథ్ చెల్లెలు తేజశ్రీ బస్సు దిగింది. పంచాయితీ మొదలైంది.

"రేపే మళ్లీ సెంటర్లో పడేద్దాం బావా. ఈసారి ఏడాది. గదిలో పెట్టి గొళ్లెం ఏస్తే చచ్చినట్టు మానతాడు."

"మానడం కాదు మావయ్యా, చచ్చిపోతాడు," అంది తేజశ్రీ. "అవి నల్లమందు జాతి బిళ్లలు. బయటికొచ్చి పాత లెక్కన ఒక్కసారి ఏసుకుంటే ఒళ్లు తట్టుకోదు. ఆసుపత్రిలో నాలుక కింద పెట్టే బిళ్ల ఇస్తారు. రోజూ అది పెట్టుకుంటే వీటి మీదకి మనసు పోదు. మనిషి తన పని తను చేసుకుంటాడు."

"బిళ్ల మాన్పించడానికి ఇంకో బిళ్లా! ఏం చదువమ్మా నీది?"

"షుగరుకి నువ్వు రోజూ ఏసుకోవట్లా?"

"షుగరూ ఇదీ ఒకటేనా?"

"జబ్బు జబ్బే మావయ్యా."

వాళ్లిద్దరూ త్రినాథ్ వంక చూడటం మానేసి చాలాసేపయింది.

పిచ్చమ్మ వాకిట్లో కూర్చుని ఎండు మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతోంది. కొడుకు ఇలా అయిన దగ్గర్నుంచి ఆవిడ ఏడవడం మానేసింది. మోకాళ్ల నొప్పులని మూలగడం కూడా మానేసింది. కాయ చేతిలో పట్టుకునే కునుకు తీస్తుంది. పాపం దిగులు, అనుకునేవాళ్లు అందరూ.

"నువ్వన్నా చెప్పవే, కన్నదానివి," అన్నాడు బాపయ్య.

ఆవిడ నెమ్మదిగా తలెత్తి ముక్కు గోక్కుంది.

"ఆ నాలుక కింది బిళ్ల ఇంటికిస్తారా?"

తేజశ్రీ వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. "మొదట్లో రోజూ ఆసుపత్రికే రావాలమ్మా. అన్నయ్యని నా దగ్గర పెట్టుకుంటాలే."

"అట్టాగా," అని పిచ్చమ్మ మళ్లీ కాయల్లోకి వంగింది.

"ఇంక మాటల్లేవు. రేపే సెంటరు." చెంచురామయ్య ఫోను తీశాడు. బాపయ్య అడ్డు చెప్పలేదు.

అప్పుడు లేచాడు త్రినాథ్.

"ఫోను ఆపు మావయ్యా. నేను బిళ్లల మీద ఉన్నప్పుడు కళ్లంలో మిరప ఘాటుకి మీరంతా దగ్గి చచ్చేవోళ్లు. నేను ఆ కాయల మీదే పడి నిద్రపోయేవోణ్ణి. గుర్తుందా?"

"ఎట్టా మర్చిపోతాంరా!"

"ఎందుకో చెప్పవే చెల్లీ."

"ఆ మందు దగ్గును చంపేస్తది," అంది తేజశ్రీ. "ఒంట్లో మందు ఉంటే దగ్గు రాదు."

"అయితే ఇప్పుడే కాయలు మాడబెట్టండి. వంటింటి తలుపులు మూసెయ్యండి. దగ్గకపోతే నా అంతట నేనే పోయి సెంటరు వ్యానెక్కుతా. దగ్గితే మాత్రం మళ్లీ సెంటరు పేరెత్తకూడదు."

"ఆసుపత్రిలో పరీక్ష చేయిద్దాం అన్నయ్యా, ఇదేంది?"

"అందాకా మావయ్య ఆగుతాడా?"

చెంచురామయ్య ఫోను పట్టుకునే ఉన్నాడు. పిచ్చమ్మే గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుని లేచింది. పొయ్యి ముట్టించి మూకుడు పెట్టి, పీట వేసుకుని కూర్చుంది. అందరూ లోపలికొచ్చాక చెంచురామయ్య తలుపు మూశాడు.

కాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది.

మొదట చెంచురామయ్య దగ్గు అందుకున్నాడు. తర్వాత బాపయ్య, తేజశ్రీ. త్రినాథ్ అలాగే నిలబడి ఉన్నాడు. బాపయ్య దగ్గుతూనే కొడుకు మొహంలోకి చూశాడు.

అంతలో వచ్చింది దగ్గు. పొట్ట పట్టుకుని, గోడ పట్టుకుని, ఊపిరాడక దగ్గాడు త్రినాథ్. కళ్లూ ముక్కూ ఏకమైపోయాయి.

తలుపు తోసుకుని అందరూ వాకిట్లో పడ్డారు.

"వీడు తీసుకోలా బావా! ఒట్టు, వీడు తీసుకోలా!" చెంచురామయ్య దగ్గుతూనే మేనల్లుణ్ణి వాటేసుకున్నాడు. బాపయ్య కొడుకు చేతులు పట్టుకుని, "నమ్మలేకపోయాన్రా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"చాల్లేమ్మా, పొయ్యి ఆర్పి బయటికి రా!" నవ్వుతూ కేకేసింది తేజశ్రీ. పలుకు లేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి తొంగిచూసింది.

పొగ మధ్యలో పిచ్చమ్మ పీట మీద జోగుతూ, ఒక్క దగ్గు కూడా దగ్గకుండా, అట్లకాడతో మాడిన కాయల్ని తిరగేస్తూనే ఉంది.