పక్కకి జరిగిన సూర్యుడు

"మళ్ళీ తప్పిపోయింది బాబాయిగారూ" అంది రెబెకా, హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుంటూ.

డాబా మీద యాంటెన్నా మాత్రం తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. ఉపగ్రహం ఎటు పోతుంటే అటు తిరగమని కంప్యూటరు చెబుతుంది. రొటేటరు తిరుగుతుంది. గరగర తప్ప గొంతు వినపడదు. యాంటెన్నాని తిప్పేది రొటేటరు, రొటేటరుని తిప్పేది కంప్యూటరు, తిప్పలు మాత్రం సుబ్రహ్మణ్యేశ్వరరావుగారివి.

రెబెకా రాజోలు కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. రావుగారితో ఏళ్ళ తరబడి హామ్ రేడియోలో గొంతు పరిచయమే గాని, అమలాపురంలో ఆయన ఇంటికి రావడం ఇదే మొదలు. క్లాసులు చెప్పి, కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చేసరికే ఒళ్ళు హూనమైంది. కానీ రాక తప్పలేదు.

రావుగారి చిన్ననాటి స్నేహితుడు అమ్మిరాజు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటాడు. ఉపగ్రహం మీదుగా ఇద్దరూ కబుర్లాడుకునేవారు. చేత్తో యాంటెన్నా తిప్పీ తిప్పీ రావుగారి భుజం పట్టేసింది. రొటేటరు కొన్నారు. భుజం బాగుపడింది, మాట పడిపోయింది. రేపు అమ్మిరాజు రేడియో పెట్టుకోనివ్వని అపార్టుమెంటుకి మారిపోతున్నాడు. ఇవాళ ఇంకొక్కసారే ఉపగ్రహం వస్తుంది.

టీ తెచ్చిన రావుగారి భార్య అన్నపూర్ణగారు, ఫోన్లో మాట్లాడుకుంటే ఏం పోయిందని అడిగి వెళ్ళారు.

"ఫోన్లో అయితే బీపీలూ షుగర్లూ మాట్లాడుకుంటాం. ఇందులో అయితే మేం ఇంకా కుర్రాళ్ళమేనమ్మా" అన్నారు రావుగారు.

రెబెకా ఈసారి కంప్యూటరుని సూర్యుడి వెంట పడమంది. యాంటెన్నా సూటిగా సూర్యుణ్ణి చూస్తే దాని నడిమి కడ్డీ నీడ గోడ మీద చుక్కంత అయిపోవాలి. అవలేదు. మూర పొడుగున అడ్డంగా పడింది.

"ఉత్తరం ఎటని చెప్పేరండీ దీనికి?"

"పిట్టగోడని బట్టి పెట్టేనమ్మా. తూర్పు ముఖం ఇల్లు. గోడ సరిగ్గా ఉత్తరానికే ఉంది."

"గోడ కాలవగట్టుకి సమాంతరంగా ఉందండీ, ఉత్తరానికి కాదు. మీ గుమ్మం ఇంచుమించు ఆగ్నేయం చూస్తోంది."

రావుగారు గోడ పొడుగునా నడిచి వెనక్కి వచ్చారు.

"సూర్యుడే కాస్త పక్కకి జరిగుంటాడమ్మా" అన్నారు చివరికి.

రెబెకా నవ్వింది. ఆయన నవ్వలేదు. కేబులు మార్చి చూశారు. మరలు విప్పి బిగించారు. కంప్యూటరుని ఆపి మళ్ళీ పెట్టారు. నీడ మాత్రం జరగలేదు. ఇంత చదువుకున్నాయన ఈ గోడనెందుకు వెనకేసుకొస్తున్నాడో రెబెకాకి అంతుపట్టలేదు. ఓపిక అయిపోయింది.

"గోడ కదపక్కర్లేదండీ. కంప్యూటర్లో ఒక్క అంకె మారిస్తే చాలు. ఉపగ్రహం వచ్చేస్తోంది. అమ్మిరాజుగారు కావాలా, గోడ కావాలా?"

రావుగారు బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డారు.

"మార్చు. కింద మాత్రం ఎవరితోనూ అనకమ్మా."

"పిన్నిగారికి వాస్తు పట్టింపా అండీ?"

"ఆయ్" అన్నారాయన, నేల చూస్తూ.

అంకె మారింది. యాంటెన్నా బద్ధకంగా పక్కకి తిరిగింది. గరగరలోంచి ఓ ముసలి గొంతు తేలింది.

"సుబ్బూ, ఎక్కడ చచ్చేవురా ఇన్నాళ్ళూ?"

"ఇక్కడే ఉన్నానురా. దిక్కే తప్పేను."

ఆ తర్వాత ఇద్దరూ చిన్నప్పటి ఈతలూ, ఎత్తుకొచ్చిన కొబ్బరిబొండాలూ చెప్పుకున్నారు. వీడ్కోలు మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఉపగ్రహం అండమాన్ వైపు దిగిపోతుంటే గొంతు సన్నబడి, ఆగిపోయింది.

రావుగారు కళ్ళు తుడుచుకున్నారు. అయినా మొహంలో సంతోషం లేదు. పిట్టగోడ దగ్గర నిలబడి, కాలవ వెంబడి వరసగా కొత్త రంగులతో మెరుస్తున్న ఇళ్ళని ఒక్కొక్కటిగా చూస్తున్నారు. అన్నీ ఈ ఇంటిలాగే కాలవతో పాటే పక్కకి తిరిగి ఉన్నాయి.

ఇంతలో కింద గేటు చప్పుడైంది. ఎవరో మామిడికుదురు నుంచి వచ్చినాయన తలెత్తి రావుగారిని చూసి, చేతులు జోడించి పిలిచాడు.

"సిద్ధాంతిగారూ, మా కొత్తింటికి దిక్కులు పెట్టాలండీ."