గవర్నర్ గారి ఓట్ల పెట్టె

భీమారావుకి ఒళ్ళు మండిపోతోంది. వేదిక మీద మాట్లాడుతున్న మనిషి ముక్కూమొహం తెలియనివాడు. అయినా అతను మాట్లాడే ప్రతి మాటా తన గురించే.

కెనడాలో, విండ్సర్‌లోని తెలుగువాళ్ళ సంఘానికి భీమారావు కొత్త అధ్యక్షుడు. మూడుసార్లు ఓడి నాలుగోసారి గెలిచాడు. తొమ్మిది ఓట్ల తేడా. ఇంకో గంటలో, భోజనాలకి ముందు, ఇదే వేదిక మీద ప్రమాణం చెయ్యాలి. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషికి ఆ కుర్చీ అంటే ఎంత మమకారమో చెప్పనక్కర్లేదు. పట్టు కండువాని పొద్దుటినుంచి మూడుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

ఆ ప్రమాణానికి ముందు ఈ ఉపన్యాసం ఇరికించింది సుబ్బరాజు. ఎన్నికలో ఓడిన పళ్ళ డాక్టరు. కాల్గరీ నుంచి జనార్ధనరావు అనే చరిత్ర ప్రొఫెసర్ని పిలిపించాడు. విషయం, నూరేళ్ళ పైచిలుకు కిందట అమెరికాలో జరిగిన ఒక గవర్నర్ ఎన్నిక. నది దాటితే అమెరికాయే. అక్కడ గవర్నర్ని ఎవరూ నియమించరు, జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు.

"ఆ పెద్దమనిషి అప్పటికే మూడుసార్లు ఓడిపోయాడండీ. అయినా పట్టు వదల్లేదు," అన్నాడు జనార్ధనరావు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. భీమారావు గిర్రున తిరిగి చూశాడు. నవ్వింది సుబ్బరాజు కాదు. కానీ వాడి మొహం మరీ అమాయకంగా ఉంది. అందుకే ఇంకా మండింది.

"పాత కథేదో చెబుతున్నారు. మన ఊసు కాదు. ఊరుకోండి," అంది కనకదుర్గ చెవిలో. భర్త మోచేతిని పట్టుకున్న ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

"పోలింగ్ రోజున మంచు తుఫాను. దార్లన్నీ మూసుకుపోయాయి," అన్నాడు ప్రొఫెసర్. "ఒక ఊరి ఓట్ల పెట్టె కౌంటింగ్‌కి చేరలేక, ఆయన బావమరిది గుర్రాల సాలలో రెండు రోజులు ఉండిపోయింది."

ఈసారి హాల్లో సగంమంది భీమారావు వైపు చూశారు.

ఫిబ్రవరిలో ఇక్కడా అదే జరిగింది మరి. వాన పడుతూనే గడ్డకట్టి రోడ్ల మీద కార్లు జారిపోయాయి. ఓటింగ్ పెట్టుకున్న లైబ్రరీని మధ్యాహ్నమే మూసేశారు. దగ్గరున్న ఇల్లు భీమారావుదే. సంఘంవారి చెక్క పెట్టె రెండు రోజులు ఆయన గరాజ్‌లో ఉంది. అక్కడ పెట్టమన్నది ఎవరు? ఈ సుబ్బరాజే. తన చేత్తో సీలు వేసి, దాని మీద సంతకం పెట్టి మరీ ఇచ్చాడు. లెక్కపెట్టే రోజున సీలు చెక్కుచెదరలేదని అందరి ముందూ ఒప్పుకున్నాడు. చేతులు కలిపాడు. ఇప్పుడు ఎదురుగా అడిగే దమ్ము లేక, కిరాయి మనిషిని తెచ్చి బట్ట కాల్చి మీద వేయిస్తున్నాడు. నీచుడు. వాడింటి గడప మళ్ళీ తొక్కితే ఒట్టు అనుకున్నాడు భీమారావు.

"పందొమ్మిది ఓట్లతో గెలిచాడండీ ఆయన. ఊరంతా దొంగ గెలుపు అంది. అసలు ఆ రెండు రోజుల్లో ఆ సాలలో ఏం జరిగిందంటే..."

భీమారావు లేచాడు. కనకదుర్గ చొక్కా పట్టుకుని లాగింది. విదిలించుకున్నాడు.

"ఆపండి మాస్టారూ. మీ చేత ఎవరు చెప్పిస్తున్నారో నాకు తెలుసు. ఏమయ్యా సుబ్బరాజూ, దమ్ముంటే నువ్వే మైకు తీసుకో."

సుబ్బరాజు బిత్తరపోయి లేచాడు. "నేనేం చెప్పించాను భీమారావు గారూ? ఆయన బుక్ చదివాను, నచ్చింది, ఇన్వైట్ చేశాను. మీ మీద నాకు డౌట్ ఎప్పుడుంది?"

"నాటకాలొద్దు. సీలు వేసింది నువ్వు. సంతకం నీది. రెండూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయా లేదా? అలాంటప్పుడు పెట్టె అడుగున స్క్రూలు విప్పి ఓట్లు మార్చారని ఎలా చెప్పిస్తావు? ప్రూఫ్ ఉందా నీ దగ్గర?"

కనకదుర్గ తల దించుకుని కొంగుతో మొహం కప్పుకుంది.

జనార్ధనరావు కళ్ళజోడు తీసి, చేతిలోని కాగితాలు ఓసారి తిరగేసి, భీమారావు వైపు అయోమయంగా చూశాడు.

"ఆ గవర్నర్ ఏ తప్పూ చెయ్యకుండానే గెలిచాడని చెప్పడానికే వచ్చానండీ నేను, ఈ స్క్రూల సంగతి మాత్రం మీరు చెబితేనే వింటున్నాను."