ముంగిసల జట్టును కొన్న గూడబాతు దొర

రేగుపొదల అడవిలో ముంగిసల ఫుట్‌బాల్ జట్టుకు చుక్కన్న కెప్టెన్. ముంగిసలవి పొట్టి కాళ్ళు. అందుకే బంతిని నేల మీదే ఉంచి, ఒకరి నుంచి ఒకరికి చిన్న చిన్న పాసులతో గోల్ దాకా తీసుకెళ్ళేవాళ్ళు. పక్క అడవులవాళ్ళు మాత్రం "ఆ జట్టుదంతా నత్తనడకే" అని నవ్వేవాళ్ళు.

ఒక ఏడు సముద్రం అవతలి నుంచి గూడబాతు దొర వచ్చి ఆ జట్టును కొనేశాడు. మైదానం చదును చేయించాడు, ఆటగాళ్ళకు పూటపూటా చేపలు పెట్టించాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు.

"మా దేశంలో బంతి ఆకాశంలో ఎగురుతుంది. మీరూ ఎత్తుగా కొట్టండి, జనం విరగబడి చూస్తారు."

ఆయన పెట్టే చేపలు తింటూ కాదనలేక చుక్కన్న సరేనన్నాడు. ఎత్తుగా కొట్టిన బంతి ముంగిసల తలల మీదుగా పోయి ఎదుటి జట్టులోని ఏ లేడికో కుందేలుకో దొరికేది. వరసగా నాలుగు ఆటలు ఓడిపోయారు. ఇంకొకటి ఓడితే అడవుల లీగు పోటీల నుంచే వెళ్ళిపోవాలి.

ఐదో ఆట సగమయ్యేసరికి రెండు గోల్స్ వెనకబడ్డారు. చుక్కన్న జట్టును దగ్గరికి పిలిచాడు.

"దొరగారికి నేను చెప్పుకుంటాను. మీరు బంతిని నేల మీద పెట్టండి."

మూడు గోల్స్ కొట్టి గెలిచారు.

చుక్కన్న బెరుకుబెరుకుగా దొర దగ్గరికి వెళ్ళాడు. ఆయన అప్పటికే చుట్టూ మూగిన పక్షులతో, "చూశారా, నేను నేర్పిన ఆట!" అంటున్నాడు.

గోల్‌కీపర్ ఈరమ్మకు ఒళ్ళు మండింది. "అదేంటన్నా, అలా ఊరుకుంటావా?"

"చెప్పుకోనీవే," అన్నాడు చుక్కన్న. "తనదే అనుకుంటే ఇక మార్చమనడు కదా!"