గోడవతలి పొయ్యి

"నాయినా, పకోడి!"

మంచంలో ఉన్న కృపామణి ముక్కు ఎగబీల్చింది.

అమీర్‌పేటలోని ఆ ఇంటి వెనక గోడ, గోడవతల సందు. సాయంత్రమైతే ఆ సందులో ఎవరో పొయ్యి వెలిగించేవారు. మరిగే నూనె వాసన కిటికీలోంచి నేరుగా పిల్ల మంచం మీదికి వచ్చేది.

జ్ఞానరాజు కిటికీ మూశాడు. గాలాడక పిల్ల ఒళ్లు ఇంకా కాలిపోయింది. మళ్లీ తెరిచాడు.

"టైఫాయిడ్‌కు ఇంకా మందు కనిపెట్టలేదు మాస్టారూ, పథ్యమే మందు," అని చెప్పి వెళ్లాడు పంజాగుట్ట నుంచి టాంగాలో వచ్చిన డాక్టరు. "బార్లీ నీళ్లే పట్టండి. గట్టిది తింటే పేగుకు చిల్లు పడుతుంది."

ఐదేళ్ల పిల్లకు పేగు సంగతి ఏం తెలుసు? వాసన రాగానే మంచం దిగి వాకిలి వైపు పాకేది. ఎత్తుకొచ్చి బార్లీ నీళ్లు పడితే ఉమ్మేసేది.

"పొయ్యి బంద్ పెట్టుమని జర అడుగుండ్రి సారూ," అంది పక్కింటి వజ్రమ్మ.

"అది వాళ్ల బతుకు. ఏ నోటితో అడగను?"

అడగలేదు. మోకరించి ప్రార్థన చేశాడు.

మరునాడు సాయంత్రం వాసన రాలేదు.

ఆ తెల్లవారి గుమ్మంలో ఒకావిడ నిలబడింది. ముతక నేత చీర, చేతిలో అంచు కాలిన విసనకర్ర.

"కాంతవ్వ అంటరు నన్ను. బిడ్డ ఏడుపు ఇనబడ్డది. తల్లి సుత లేదంట గద. మీరు బడికి పోయి రాండ్రి, నేను కూసుంట."

"మరి నీ పనో, అవ్వా?"

"బందైంది సారూ. ఊకె కూసుంటె పొద్దు పోతలేదు."

పాపం, ఎవరు తీసేశారో అనుకున్నాడు జ్ఞానరాజు.

తడిగుడ్డ నుదుటి మీద వేసి, విసురుతూ, ఆమె చెంచాడు చెంచాడు పట్టేది.

"కండ్లు మూసుకొని తాగు. పకోడి నీళ్లు."

"అబద్ధం! ఉల్లిగడ్డ వాసన లేదు."

"నీ జ్వరం పోనీ బిడ్డా. వాసన సుత వస్తది."

పిల్ల నవ్వేది. నవ్వుతూ మింగేది.

సాయంత్రం బడి నుంచి రాగానే జ్ఞానరాజు మోకరించేవాడు.

"ప్రభువా, ఆ పొయ్యి ఆర్పినందుకు స్తోత్రం. నా బిడ్డ లేచేదాకా దాన్ని వెలగనీయకు."

"జర గట్టిగ మొక్కుండ్రి సారూ, దేవుడు ఇంటడు," అనేది కాంతవ్వ, విసరడం ఆపకుండానే.

జ్వరం దిగింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, మెత్తటి అన్నం పెట్టమన్నాడు. జ్ఞానరాజు గోడకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇగ పోయొస్త సారూ. పని చూసుకోవాలె."

"నీకు పని దొరకాలని ప్రార్థన చేస్తానవ్వా."

"చెయ్యుండ్రి, చెయ్యుండ్రి!" నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఉండేది ఎక్కడో అడగనేలేదే అని ఆయనకు తర్వాత తోచింది.

మర్నాడు సాయంత్రం కిటికీలోంచి ఉల్లిగడ్డ వాసన వచ్చింది.

"నాయినా, అవ్వ చెప్పిన వాసన!"

చూపించమని పిల్ల మారాం చేసింది. ఎత్తుకొని, మొదటిసారి ఆ సందులోకి తిరిగాడు.

పొగలో, మూకుడు ముందు కూర్చుని, అదే అంచు కాలిన విసనకర్రతో పొయ్యి విసురుతోంది కాంతవ్వ.